సుద్ద అక్షరాలు

ఆ ఏడు వానాకాలం మా ఇంట్లో అందరం నేల మీదే గడిపాం.

మాటవరసకి అంటున్నది కాదు. మా అమ్మాయి పగలంతా తల వంచుకుని కూర్చునేది, తల వంచుకునే తినేది, బోర్లా పడుకునేది. నేల తప్ప ఇంకేదీ చూడకూడదని కంటి డాక్టరమ్మ ఆజ్ఞ. దాంతో ఎదురెదురుగా మాట్లాడాలంటే మేమే కిందికి దిగాలి. మంచం పక్కన చాప వేసుకుని, వెల్లకిలా పడుకుని, తలని మంచం అంచు దాటి వంగిన దాని మొహం కిందికి జరుపుకుంటే అప్పుడు కనిపించేవి, వాచిన రెప్పా, దిండు గుర్తులు పడ్డ చెంపలూ. మా అత్తయ్య కూడా దిగేది. "నా మోకాళ్ళు దేవుడికి ఎప్పుడో ఇచ్చేశానే పిచ్చుకా, నీకోసం మళ్ళీ అడిగి తెచ్చుకుంటున్నా" అంటూ గోడ పట్టుకుని మెల్లగా కూలబడేది. దిగడం ఎలాగో దిగేది. లేవడమే పెద్ద తతంగం. నేను చంకల కింద చేతులు వేసి లేపుతుంటే, "జాగ్రత్త నాయనా, పాత సామాను" అనేది.

పిచ్చుక అన్నది ఇంట్లో పిలుపు. బయట అందరికీ అది పెయింటరమ్మ. దుకాణాలకి బోర్డులు రాయడం, గోడల మీద అక్షరాలు రాయడం దాని పని. చిన్నప్పటినుంచీ ఎడమ కంటికి చూపు మందం. ఆ కంటికి మనిషి వచ్చాడని తెలుస్తుంది గానీ ఎవరొచ్చారో తెలియదు. అది రాసిన అక్షరాలన్నీ కుడి కంటి పుణ్యమే.

వానలు మొదలవడానికి కాస్త ముందు మా వీధి చివర ప్రార్థన మందిరం వాళ్ళు ముందు గోడ మీద ఒక మాట రాయించాలనుకున్నారు. తలుపు పైన, చూరు కింద, పెద్ద అక్షరాల్లో "అలసినవాళ్ళు లోపలికి రండి" అని. పిచ్చుక నిచ్చెన వేసుకుని, వరస తిన్నగా రావడానికి దారం లాగి, మొత్తం వాక్యాన్ని ముందు సుద్దతో గీసుకుంది. అది ఎప్పుడూ అంతే, సుద్దతో అంతా సరిగ్గా కూర్చున్నాకే రంగు డబ్బా మూత తీస్తుంది. "అలసినవాళ్ళు" వరకు నీలం రంగు నింపింది. అక్కడ ఆగింది. కిందికి దిగి, కుంచెలు కిరసనాయిల్లో కడిగి, డబ్బాకి మూత బిగించి, ఇంటికి నడిచొచ్చి, గుమ్మంలో నిలబడి చాలా మామూలుగా అంది.

"నాన్నా, కుడి కంట్లో కింద నుంచి నల్లగా తెర లాంటిది లేస్తోంది. నీ మొహం సగమే కనబడుతోంది."

కంటి వెనకాల ఉండే పొర ఊడిందని డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషన్ చేసి, పొరని దాని చోటికి తోసి, అది కదలకుండా కంట్లోకి గాలిబుడగ ఎక్కించింది. "బుడగ పైకే కదా తేలుతుంది? అది పైకి తేలి పొరని గోడకి నొక్కి పట్టాలంటే నువ్వు నేల చూస్తూ ఉండాలి. గోడకి కాగితం అంటించాక జిగురు ఆరేదాకా అరచేత్తో నొక్కి పట్టుకోమా, అలాగన్నమాట."

"మరి జిగురు పట్టకపోతే?" అని నేను అడగబోయి ఊరుకున్నాను. పిచ్చుకే అడిగింది.

"అప్పుడు చూద్దాం," అంది డాక్టరమ్మ. ఆవిడ అబద్ధం చెప్పని మనిషి. ఆ మాటతో నాకు ఎంత భయం వేసిందో అంత గౌరవమూ కలిగింది.

*

నేను రోడ్లకీ కట్టడాలకీ మట్టాలు చూసే ఆఫీసులో పనిచేసేవాణ్ణి. సెలవు పెట్టాను. వంట, బట్టలు, కంటి చుక్కలు, దుప్పట్లు మార్చడం, ఆసుపత్రి. మధ్యలో ఎప్పుడైనా కాళ్ళు చాపుకుంటే ఆ చాపుకోవడమే ఒక వరంలా ఉండేది. ఆ రోజుల్లో నాకు అందిన మేళ్ళన్నీ అంత చిన్నవే. కరెంటు పోయిన మధ్యాహ్నం కిటికీలోంచి ఒక చల్లటి విసురు. పక్కింటావిడ చెప్పాపెట్టకుండా మా తడి బట్టలు తన వసారాలో ఆరేసి, మడతపెట్టి గుమ్మంలో పెట్టి వెళ్ళడం. దిండు చుట్టూ చుట్టిన తువ్వాలు ఎట్టకేలకు పిచ్చుక నుదురుకి సరిగ్గా అమరిన రోజు. వాటిని ఎవరు పంపారో ఆలోచించే ఓపిక అప్పట్లో నాకు లేదు. అందుకున్నాను, అంతే.

నేల చూపులతో పిచ్చుకకి కొత్త విద్య ఒకటి పట్టుబడింది. ఎడమ కంటికి మసకగా కనిపించే పాదాల్ని బట్టి, నడక చప్పుడుని బట్టి మనుషుల్ని చెప్పేసేది.

"నాన్నా, చెప్పులు ఈడుస్తున్నావు. కాసేపు పడుకో."

"ఈడ్చట్లేదే, పాతబడ్డాయి."

"చెప్పులా, నువ్వా?"

అత్తయ్య ముసిముసిగా నవ్వేది. ఆవిడ నా భార్యకి తల్లి. కూతురు పోయాక ఇక్కడే ఉండిపోయింది. నన్ను ఒంటరిగా వదలడం ఇష్టం లేకనో, తను ఒంటరిగా ఉండలేకనో మేమిద్దరం ఎప్పుడూ తేల్చుకోలేదు. పొద్దున్నే లేచి దేవుడితో మాట్లాడటం ఆవిడ అలవాటు. ప్రార్థన అనడానికి లేదు, వీధి కుళాయి దగ్గర మాటల్లా ఉండేది.

"ఏమయ్యా, వింటున్నావా? పిల్ల నిన్న సరిగ్గా నిద్రపోలేదు. మెడ పట్టేసింది. నీకు తెలియదని కాదు, నేను చెబుతున్నాను. అల్లుడు తినట్లేదు. చెబితే వినే రకం కాదు, నువ్వే చెప్పాలి."

నేను పక్క గదిలో చుక్కల మందు సీసా మూత తిప్పుతూ వినేవాణ్ణి. అంతకు ముందు నేనూ ప్రార్థించేవాణ్ణే. నా భార్య పోయాక కూడా మానలేదు. ఆ వానాకాలంలో మాత్రం కళ్ళు మూసుకుంటే మాట పెగిలేది కాదు. కోపం అనుకుందామంటే కోపానికి కూడా కొంచెం బలం ఉండాలి. నాకు అదీ లేదు. కళ్ళు మూసుకుంటే నిద్ర వచ్చేది.

ఒకసారి పిచ్చుక అంది, "అమ్మమ్మా, నేను పుట్టాక ఇంత భక్తిగా ఎప్పుడైనా ఉన్నానా? పొద్దస్తమానం తల వంచుకునే ఉన్నాను."

"తల వంచావు సరే. లోపల ఏమనుకుంటున్నావు?"

"లోపల నీ దేవుణ్ణి తిడుతున్నా."

"తిట్టు. మాట్లాడకుండా మొహం తిప్పుకోవడం కంటే అదే నయం," అని అత్తయ్య దాని తల దువ్వసాగింది. ఆ మాట పిచ్చుకని ఉద్దేశించి అన్నదే. కానీ దువ్వెన పట్టుకున్న చేయి ఆగి, ఆవిడ చూపు ఒక్కసారి నా వైపు తిరిగింది.

*

డాక్టరమ్మ చూస్తానన్న రోజున ఆటోలో కూడా పిచ్చుక తల వంచుకునే వచ్చింది. బయట జోరున వాన. ఆటో అతను అద్దంలోంచి చూసి, "అమ్మాయిని బాగా కోప్పడ్డారా సార్?" అన్నాడు.

"లేదన్నా, నేనే ఆయన్ని కోప్పడి వస్తున్నా," అంది పిచ్చుక ఒళ్ళోకి చూస్తూ. ముగ్గురం నవ్వాం. ఆ నవ్వు ఆసుపత్రి మెట్ల దాకా నిలిచింది.

డాక్టరమ్మ చాలాసేపు చూసింది. దీపం మార్చి మళ్ళీ చూసింది. కుర్చీ వెనక్కి జరిపి, తన కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అప్పుడే నాకు అర్థమైంది.

"చాలా మేరకు పట్టింది. ఒక అంచు దగ్గర మళ్ళీ లేచింది. ఇంకోసారి చెయ్యాలి. మళ్ళీ బుడగ పెట్టాలి."

"మళ్ళీ నేల," అంది పిచ్చుక.

"మళ్ళీ నేల."

"ఈసారైనా...?"

"ఈసారి పట్టకపోతే ఇంక నా చేతిలో ఏమీ ఉండదమ్మా. ఈ మాట చెప్పకుండా నిన్ను పంపలేను."

ఇంటికొచ్చాక పిచ్చుక దిండు మీద నుదురు ఆనించుకుని పడుకుంది. అత్తయ్యకి సంగతి చెప్పాను. ఆవిడ విని, లోపలికి వెళ్ళి, మంచం పక్కన నేల మీద చేరగిలబడింది. నేను గొడుగు తీసుకుని బయటికొచ్చాను. ఎక్కడికని అత్తయ్య అడగలేదు. నాకూ తెలియదు.

కాళ్ళు మందిరం వైపు తీసుకెళ్ళాయి. అలవాటు అనుకుంటాను. వాన తగ్గి ముసురు పడుతోంది. దూరం నుంచే గోడ మీద నీలం అక్షరాలు కనబడ్డాయి, "అలసినవాళ్ళు". అంతే. అంతకు మించి ఏమీ లేదు. మా ఇంటికి తగిలించాల్సిన బోర్డు ఇక్కడ తగిలించారనిపించింది.

దగ్గరికి వెళ్ళి చూస్తే నిచ్చెన మీద గంట తాత ఉన్నాడు. మందిరానికి కాపలా ఆయనే, తలుపు తీసేదీ మూసేదీ గంట కొట్టేదీ ఆయనే. ఒక చేత్తో చూరు పట్టుకుని, ఇంకో చేత్తో సుద్దముక్క పట్టుకుని, నాలుక బయటపెట్టి, బడిపిల్లాడిలా ఏదో దిద్దుతున్నాడు.

"ఏం చేస్తున్నావు తాతా?"

ఆయన ఉలిక్కిపడి, నిచ్చెన గట్టిగా పట్టుకున్నాడు. "మీరా సారూ! హడలగొట్టేశారు. ఏం లేదు, జల్లు కొట్టినప్పుడల్లా అమ్మాయి సుద్ద గీతలు కొట్టుకుపోతున్నాయి. వెలిశాక మళ్ళీ దిద్దుతున్నా. వచ్చి చూసుకునేటప్పటికి అక్షరం లేకపోతే పాపం మళ్ళీ మొదలెట్టాలి కదా."

పైకి చూశాను. నీలం రంగు ఆగిన చోటు నుంచి సుద్దతో "లోపలికి రండి" అని ఉంది. అది పిచ్చుక గీసిన గీత కాదని నాకు తెలిసిపోతూనే ఉంది. ఎన్నిసార్లు దిద్దారో, ప్రతి అక్షరమూ లావెక్కి, తడిసిన కోడిపెట్టలా పక్కకి ఒరిగి కూర్చుంది.

"వానలు మొదలైనప్పటినుంచీ దిద్దుతున్నావా?"

"నేనొక్కణ్ణేనా! పాలు పోసే ఆవిడ 'రం' దిద్దింది. పక్క వీధి దర్జీ ఒకసారి ఎక్కాడు. దారిన పోయేవాళ్ళని పిలిచి తలో గీతా గీయిస్తున్నా." కిందికి దిగుతూ ఒక మెట్టు దగ్గర ఆయన కాలు జాగ్రత్తగా దాటించాడు. ఆ మెట్టు విరిగి వేలాడుతోంది.

"పడతావు తాతా. ఆ మెట్టు బాగుచేయించకూడదూ?"

"అది ఉండనివ్వండి సారూ, దానితో పనుంది," అని ఆయన గొంతు తగ్గించాడు. "మందిరం పెద్దలు ఇంకో పెయింటర్ని పిలుద్దామన్నారు, గోడ సగం సగం ఉంటే బావుండదని. నిచ్చెన విరిగిపోయిందండీ, ఇప్పుడు కుదరదు అని చెప్పేశా."

"విరిగిందనా?"

"అప్పటికి విరగలేదు. చెప్పాక వచ్చి నేనే విరిచా. గుడికి కాపలా ఉన్నవాణ్ణి, అబద్ధం ఎలా ఆడతాను?"

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే అది వేరే ఏదో అయిపోయింది. గొడుగు అడ్డం పెట్టుకున్నాను. గంట తాత అటు తిరిగి చూరు కేసి చూస్తూ, వాన ఇంకా పట్టేలా ఉందని, ఈసారి మబ్బులు తేడాగా ఉన్నాయని ఏవో చెబుతూ ఉండిపోయాడు. నేను గొడుగు దించేదాకా ఇటు తిరగలేదు.

"మళ్ళీ ఆపరేషన్ అన్నారు తాతా," అన్నాను.

ఆయన ధైర్యం చెప్పలేదు, దేవుడున్నాడు అనలేదు. జేబులోంచి ఇంకో సుద్దముక్క తీసి నా చేతిలో పెట్టాడు.

"ఆ చివరి 'డి' ఇంకా దిద్దలేదు సారూ. నాకు అంత దూరం చేయి అందట్లేదు."

విరిగిన మెట్టు దాటుకుని ఎక్కాను. ఉద్యోగమంతా మట్టాలు చూసినవాణ్ణి. దారం లేదు, కొలబద్ద లేదు, రసమట్టం ఇంట్లో పెట్టెలో ఉంది. గోడ చెమ్మగా ఉంది. కరిగి మిగిలిన చార మీద సుద్ద ఆనించి, మెల్లగా తిప్పుతూ 'డి' దిద్దాను. గుడి దీర్ఘం అయిపోబోయి ఆగింది. దిగి చూసుకుంటే అన్నిటికన్నా వంకర అక్షరం నాదే.

"బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు గంట తాత.

*

ఇంటికి వచ్చేసరికి అత్తయ్య ఇంకా నేల మీదే ఉంది. పిచ్చుక నిద్రపోతోంది. దాని చెయ్యి మంచం మీంచి కిందికి వేలాడుతోంది, అత్తయ్య ఆ చేతిని పట్టుకుని ఉంది. లేపబోతే వద్దన్నట్టు సైగ చేసింది. నేనూ పక్కనే కూర్చున్నాను.

"అత్తయ్యా, ఒకటి అడగనా?"

"అడుగు నాయనా."

"మీ కూతురి కోసం కూడా ఇలాగే అడిగారు. రోజూ అడిగారు. నేను విన్నాను. ఆమె మిగల్లేదు. మళ్ళీ అదే దేవుణ్ణి, అదే మాటలతో ఎలా అడగగలుగుతున్నారు? మీకు నిజంగా నమ్మకం ఉందా?"

అడిగేశాక భయం వేసింది. ఆవిడ పిచ్చుక వేళ్ళని బొటనవేలితో నిమిరింది. గోళ్ళ సందుల్లో నీలం రంగు ఇంకా పోలేదు.

"నీ అంత చదువుకోలేదు కదా, నాకు చెప్పడం రాదు," అంది చివరికి. "అది పోయిన రోజున నేనేం చేశానో నీకు గుర్తుందా? నీకు గుర్తుండదు, నువ్వు నీలో లేవు. నేను ఆయనతో మాట్లాడటం మానేశాను. చాలా రోజులు మానేశాను. నోరు తెరవలేదు. పొద్దున్నే లేచి గోడకేసి చూస్తూ కూర్చునేదాన్ని. ఒకనాడు నువ్వు టీ పట్టుకొచ్చి నా పక్కన పెట్టి, చల్లారిపోతుంది అత్తయ్యా అన్నావు. అప్పుడు తెలిసింది, ఇన్నాళ్ళూ నేను వదిలేసినా పడిపోలేదే అని."

"టీ నేను పెట్టింది అత్తయ్యా."

"నువ్వు కాక ఎవరు పెడతారు, ఆయన దిగొచ్చి పొయ్యి వెలిగిస్తాడా?" అని విసుక్కుంది. తరవాత మెత్తగా అంది, "పట్టుకున్నది నేననుకుంటే ఎప్పుడో జారిపోయేదాన్ని నాయనా. నా చేతుల్లో ఏం బలముందని? పిల్లకి చూపు వస్తుందని నాకు తెలియదు. ఎవరైనా తెలుసంటే నమ్మను కూడా. రాకపోయినా ఆయన వదలడు, అంతవరకే నాకు తెలుసు. ఇంక లేపు నన్ను, నడుం పట్టేసింది."

లేపాను. ఆవిడ బరువు నా చేతుల మీద పడింది. ఆవిడ పక్క మీద వాలాక, గుమ్మం దగ్గర నిలబడి, చాలా రోజుల తరవాత నేనూ ఒక మాట అన్నాను. గొప్పదేమీ కాదు. "అలసిపోయాను" అన్నాను. అంతకు మించి రాలేదు. కానీ ఈసారి నిద్ర రాలేదు, ఎవరో విన్నట్టు అక్కడే కాసేపు నిలబడ్డాను.

*

రెండో ఆపరేషన్ తరవాత రోజులు ఇంకా బరువుగా నడిచాయి. మొదటిసారి చేసిన హాస్యాలు అయిపోయాయి. పిచ్చుక మెడ మీద నూనె రాస్తుంటే ఊఁ అనేది కూడా కాదు. వానలు పట్టు వదలలేదు, గోడలు చెమరుస్తున్నాయి, బట్టలు ఆరేవి కావు. వాన వెలిసినప్పుడల్లా నేను ఏదో వంక పెట్టుకుని వీధి చివరి దాకా వెళ్ళొచ్చేవాణ్ణి. చేతికంటిన సుద్ద కడుక్కుని ఇంట్లోకి వచ్చేవాణ్ణి.

ఒక పొద్దున పిచ్చుక దిండు మీంచి పిలిచింది. "నాన్నా, ఒకసారి కిందికి రా."

చాప మీద వెల్లకిలా పడుకుని, దాని మొహం కిందికి జరిగాను.

"నా కంట్లో ఒక గీత ఉంది. తల కొంచెం వంచితే అదీ వంగుతోంది. గ్లాసులో నీళ్ళలాగ. నీ దగ్గర ఉంటుంది చూడు, గాజు గొట్టం, లోపల బుడగ..."

"రసమట్టం."

"అదే. నా కంట్లో పెట్టేశారు." చాలా రోజుల తరవాత నవ్వింది. "గీత అవతల ఏదో కనబడుతోంది నాన్నా. మసగ్గా. నీ మీసం అనుకుంటా. తెల్లబడిపోయిందేంటి ఇంతలా?"

వంటింట్లోంచి అత్తయ్య, "ఏమంటోంది?" అని కేక వేసింది.

"మీసం తెల్లబడిందంటోంది," అన్నాను.

లోపల గిన్నె కింద పెట్టిన చప్పుడు.

బుడగ రోజురోజుకీ చిన్నదైంది. గీతగా ఉన్నది గుండ్రంగా మారి, పూసంతై, ఒకరోజు కనబడకుండా పోయింది. డాక్టరమ్మ చూసి, దీపం మార్చి మళ్ళీ చూసి, ఈసారి కళ్ళజోడు తీయలేదు. "పట్టింది," అంది. "తల ఎత్తమ్మా."

పిచ్చుక తల ఎత్తడానికి జంకింది. మెల్లగా ఎత్తింది. ఎదురుగా గోడ మీద అక్షరాల పటం ఉంది, పైన పెద్దవి, కిందికి పోయేకొద్దీ చిన్నవి. చాలా మేరకు చదివింది. చదవడం ఆపి, కిటికీ కేసి చూసి, మళ్ళీ నావైపు తిరిగింది.

"కిటికీ చువ్వలు వంకరగా ఉన్నాయి."

"అవి తిన్నగానే ఉన్నాయమ్మా," అంది డాక్టరమ్మ. "పొర మళ్ళీ అంటుకున్నప్పుడు ఒక్కోసారి చిన్న ముడత మిగులుతుంది. తిన్నగా ఉన్నవి వంగినట్టు కనబడతాయి. కొంత తగ్గుతుంది. కొంత ఉండిపోవచ్చు."

బోర్డులు రాసే మనిషికి ఆ మాట. ఆటోలో ఈసారి తల ఎత్తుకునే కూర్చుంది. దారి పొడవునా కరెంటు స్తంభాల్ని, ఇళ్ళ అంచుల్ని, తను రాసిన బోర్డుల్ని చూస్తూ వచ్చింది.

*

వానలు వెనకబట్టి ఎండ కాసిన ఒక పొద్దున, నేను అడక్కుండానే పిచ్చుక రంగు డబ్బా తీసింది. మూత బిగుసుకుపోయి ఉంటే నా చేతికిచ్చింది.

"మందిరం గోడ మిగిలిపోయింది కదా. అదొక్కటీ రాస్తా. రాయలేకపోతే అక్కడే తేలిపోతుంది. నీ రసమట్టం కూడా పట్టుకురా."

అత్తయ్య తనూ వస్తానంది. ముగ్గురం మెల్లగా నడిచాం. గంట తాత ముందే నిచ్చెన వేసి ఉంచాడు. విరిగిన మెట్టు స్థానంలో కొత్త చెక్క, ఇంకా రంగు మారలేదు.

పిచ్చుక గోడ ముందు నిలబడి తలెత్తి చూసింది. చాలాసేపు చూసింది. దాని మొహంలో రంగు పోవడం నాకు కనిపించింది.

"నాన్నా," అంది చిన్న గొంతుతో. "ఆ అక్షరాలు... అన్నీ వాలిపోయి, లావెక్కిపోయి ఉన్నాయి. నా కన్ను ఇంత పాడైపోయిందా?"

నేనూ గంట తాతా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయన తలపాగా సర్దుకున్నాడు. దగ్గాడు.

"నీ కన్ను బాగానే ఉంది తల్లీ," అన్నాడు. "అవి నిజంగానే అలా ఉన్నాయి."

"అంటే?"

"వాన కొట్టేస్తుంటే దిద్దాం. కొంచెం నేను, కొంచెం పాలావిడ, కొంచెం దర్జీ. ఆ చివర్న ఆ 'డి' మాత్రం మాది కాదు, మీ నాన్నది."

పిచ్చుక నావైపు తిరిగింది. "నువ్వా? ఆ బొద్దింక నువ్వు గీసిందా?"

"చెమ్మ గోడ మీద దిద్దడం కష్టం," అన్నాను.

అది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలెట్టింది. నవ్వి నవ్వి అరుగు మీద కూర్చుండిపోయింది. గంట తాత నవ్వాడు. అత్తయ్య ఏం జరిగిందో సరిగ్గా తెలియకుండానే అందరికంటే గట్టిగా నవ్వింది. పిచ్చుక కళ్ళు తుడుచుకుంటుంటే, "కన్ను నలపకు, కన్ను నలపకు" అని నేను అరిచాను.

తరవాత అది నిచ్చెన ఎక్కింది. తడిగుడ్డ తీసుకుంది.

"తుడిచేస్తావా తల్లీ?" అన్నాడు గంట తాత. ఆ గొంతులో కొంచెం బెంగ ఉంది.

"మీరు దాచిపెట్టిన చోటే రాస్తా తాతా. కొంచెం సన్నగా, అంతే."

నీలం అక్షరాల అంచు దగ్గర మేకుకి దారం కట్టి, రెండో కొస నా వైపు జారవిడిచింది. ఇవతల కొట్టిన మేకు నిలవలేదు, తడిసిన సున్నం పొడిపొడిగా రాలిపోయింది. ఇంతకు ముందైతే అలాంటప్పుడు దారం రెండో కొస వాళ్ళమ్మ పట్టుకునేది. గంట తాత తెచ్చిన బల్ల ఎక్కి నేను పట్టుకున్నాను. బిగించి లాగాను. దారానికి రసమట్టం ఆనించాను.

పిచ్చుక దారం పొడవునా చూసింది. నవ్వు వాడిపోయింది.

"ఇది కూడా వంకరగానే ఉంది నాన్నా. మధ్యలో పైకి లేచి, మళ్ళీ దిగుతోంది."

నేను రసమట్టం మీదికి వంగాను. గంట తాత నిచ్చెన గట్టిగా పట్టుకున్నాడు.

"బుడగ ఎక్కడుంది?"

"మధ్యలోనే ఉంది."

"సరిగ్గా చూశావా?"

"చూశాను."

అది దారం కేసి ఇంకాసేపు చూసింది. కుంచె రంగులో ముంచి, అంచుకి వత్తి, అదనపు రంగు వదిలించింది. ఎడమ చేతి చిటికెన వేలు దారం మీద ఆనించింది. కన్ను దారం మీంచి తీసేసి, వేలి మీద పెట్టింది.

"వదలకు మరి," అంది.

మొదటి గీత పడింది. వేలు దారం వెంట కొంచెం జరిగింది, కుంచె దాని వెనకే జరిగింది. మధ్యలో కుంచె ఒకసారి పక్కకి పోబోయింది, కన్ను ఇంకోవైపు లాగుతోందని నాకు అర్థమైంది. ఆగింది. ఊపిరి పీల్చుకుంది. వేలు కదిలినవైపే కుంచెనీ పోనిచ్చింది. 'లో' పూర్తయింది. గోడ మీద అది తిన్నగా, నీళ్ళ మీద పడవలా నిలబడి ఉంది. పిచ్చుకకి ఎలా కనిపించిందో నేను అడగలేదు.

ఎండ ఎక్కుతోంది. కింద అరుగు మీద అత్తయ్య గోడకి ఆనుకుని, నోరు కాస్త తెరిచి నిద్రపోతోంది. ఆవిడ మీద ఎండ పడకుండా గంట తాత మధ్యలో నిలబడి ఉన్నాడు. నా భుజాలు లాగేస్తున్నాయి, వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఇంకా చాలా అక్షరాలు ఉన్నాయి. కాసేపు చేతులు దించమంటుందేమోనని చూశాను.

అది అనలేదు. నేను దించలేదు.